తెలుగు వాక్యం: కారకాల నుంచి క్రియ దాకా

పదాలు పక్కపక్కన చేరినంత మాత్రాన వాక్యం కాదు. ‘చెరువు, గొడుగు, మామయ్య, సోమవారం’ అని వరసగా అంటే వినేవారికి నాలుగు పేర్లు తెలుస్తాయి తప్ప సంగతేమిటో తెలియదు. పదాలు వాక్యం కావడానికి మూడు ఉండాలని మన ప్రాచీన శాస్త్రకారులు నిర్ణయించారు. అవి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ‘తెచ్చాడు’ అనగానే ఎవరు, దేన్ని అన్న ప్రశ్నలు పుడతాయి. ఒక పదం మరో పదాన్ని ఇలా కోరుకోవడమే ఆకాంక్ష. ‘నిప్పుతో తోట తడిపాడు’ అన్నప్పుడు పదాలూ ప్రత్యయాలూ సరిగానే ఉన్నా అర్థం పొసగదు. అక్కడ లేనిది యోగ్యత. ఒక పదం ఇప్పుడు, తరవాతి పదం గంట ఆగి పలికితే సన్నిధి చెడుతుంది. వాక్యమంటే పదాల మధ్య ఉండే సంబంధమేనన్న గ్రహింపు ఈ మూడింటికీ పునాది.

ఆ సంబంధాలకు సంస్కృత వ్యాకర్త పాణిని సంప్రదాయం పెట్టిన పేరు కారకాలు. కర్త, కర్మ, కరణం (పనిముట్టు), సంప్రదానం (ఎవరికి ఇస్తామో వారు), అపాదానం (దేని నుంచి విడివడుతుందో అది), అధికరణం (చోటు) అని ఇవి ఆరు. క్రియ జరగడానికి ఏది ఏ విధంగా తోడ్పడిందో కారకం చెబుతుంది. దాన్ని పైకి చూపించే గుర్తు విభక్తి. కారకం అర్థానికి సంబంధించినది, విభక్తి రూపానికి సంబంధించినది. ఈ రెండింటినీ విడదీసి చూడటం ఈ సంప్రదాయం సాధించిన గొప్ప విజయం. దాని విలువ తెలియాలంటే ‘కోసిన’ అన్న ఒక్క తెలుగు మాట చాలు.

‘రవి చెట్టు నుంచి కత్తితో పండు కోశాడు’ అన్న వాక్యంలో నాలుగు నామాలున్నాయి. వీటిలో దేన్నయినా చివరికి తెచ్చి ‘కోసిన’తో విశేషించవచ్చు. పండు కోసిన రవి, రవి కోసిన పండు, రవి పండు కోసిన కత్తి, రవి పండు కోసిన చెట్టు. నాలుగు చోట్లా క్రియారూపం ఒకటే. ‘తో’, ‘నుంచి’ లాంటి గుర్తులన్నీ రాలిపోయాయి. అయినా రవి కర్త అనీ, పండు కర్మ అనీ, కత్తి కరణమనీ, చెట్టు అపాదానమనీ తెలుగువారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. విభక్తి పోయినా కారకం నిలిచే ఉంది. అయితే ఈ సౌలభ్యానికీ హద్దుంది. ‘రవి గోపితో ఊరు వెళ్ళాడు’ అన్నదాన్ని ‘రవి ఊరు వెళ్ళిన గోపి’ అని మార్చితే వాక్యం కుప్పకూలుతుంది. తోడుగా వెళ్ళినవాణ్ణి చెప్పే ‘తో’కు, పనిముట్టును చెప్పే ‘తో’కు రూపం ఒకటే అయినా వాక్యంలో నడత వేరు.

పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలో కారకానికి ఒక పరిచ్ఛేదమే ఉంది. కానీ ఆ పుస్తకంలోని పది పరిచ్ఛేదాల్లో వాక్యం పేరుతో ఒక్కటీ లేదు. ‘కి, కు’లను సూరి షష్ఠీ విభక్తిలో చేర్చాడు. ఈ చిన్న ప్రత్యయం తెలుగు వాక్యంలో చేసే పని మాత్రం చాలా పెద్దది. ‘నాకు కోపం వచ్చింది’లో క్రియ ‘కోపం’తో పొసగుతుంది, ‘వచ్చాను’ అని ఎవరూ అనరు. ఆ లెక్కన ‘కోపం’ కర్త కావాలి. కానీ ‘రవికి తన ఊరంటే ఇష్టం’ అన్నప్పుడు ‘తన’ ఎవరిని చూపిస్తోంది? రవినే. మామూలుగా కర్తను చూపించే ‘తన’ ఇక్కడ ‘కి’ చేరిన నామాన్ని పట్టుకుంది. అంటే కర్త లక్షణాలు రెండు నామాల మధ్య పంపకమయ్యాయన్నమాట. ఆకలి, దాహం, భయం, తెలియడం, కావాలనిపించడం లాంటి అనుభవాలకు తెలుగు ఎక్కువగా ఈ నిర్మాణాన్నే వాడుతుంది.

వాక్యాన్ని ముగించని అసమాపక క్రియల సంగతి ఇంకా విస్తారమైనది. ‘సీత లేచి, స్నానం చేసి, దీపం పెట్టి, పిల్లల్ని లేపింది’ అన్న వాక్యంలో పనులు నాలుగయినా కాలాన్నీ కర్తనూ చెప్పే ప్రత్యయం చివరి క్రియకే ఉంది. ఈ క్త్వార్థక వాక్యాల్లో కర్త ఒక్కరే ఉండాలన్నది పాత నియమం. ‘వాన కురిసి చెరువు నిండింది’ అన్నప్పుడు మాత్రం కురిసింది వాన, నిండింది చెరువు. అయినా వాక్యంలో తప్పులేదు. మొదటిది రెండోదానికి కారణమైతే కర్తలు వేరయినా ఫరవాలేదు. ‘నువ్వు వస్తే నేను వెళ్తాను’ లాంటి చేదర్థకానికి అసలు ఈ కట్టుబాటే లేదు.

‘అని’తో ముగిసే ఉపవాక్యాల్లో మరో విశేషం ఉంది. ‘తాను రేపు వస్తానని రవి చెప్పాడు.’ ఇందులో ‘తాను’ ప్రథమపురుష, ‘వస్తాను’ ఉత్తమపురుష. మామూలు వాక్యంలో ఈ రెండూ కలవవు. రవి నోటి నుంచి వచ్చిన క్రియారూపాన్ని అలాగే ఉంచి, సర్వనామాన్ని మాత్రం ఆ మాటను మనకు చేరవేసేవాడి వైపు నుంచి మార్చడం వల్ల ఈ కలయిక సాధ్యమైంది.

ఇలాంటి విషయాలను ఆధునిక పద్ధతిలో తెలుగులోనే వివరించిన పుస్తకం చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’. అది 1975లో వచ్చింది. భాషావేత్త నోమ్ చామ్‌స్కీ 1957లో ‘సింటాక్టిక్ స్ట్రక్చర్స్’ పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చిన పరివర్తన వ్యాకరణాన్ని, అంటే ఒక వాక్యనిర్మాణం మరోదానిగా ఎలా మారుతుందో సూత్రాలతో చెప్పే పద్ధతిని, రామారావు తెలుగుకు అన్వయించారు. గ్రాంథిక ప్రయోగాలను కాక, జనం మాట్లాడే వాక్యాలనే ఉదాహరణలుగా తీసుకోవడం ఆ పుస్తకానికి బలం.

క్రియ లేని వాక్యాలు కూడా తెలుగుకు సహజమే. ‘ఆమె డాక్టరు’ పూర్తి వాక్యం. ‘నేను తెలుగువాణ్ణి’, ‘నువ్వు మంచివాడివి’ అన్నచోట నామమే పురుషను బట్టి మారుతుంది. దీనికి భిన్నంగా ‘రాలేదు’ అన్న భూతకాల వ్యతిరేక క్రియ నేను, వాడు, వాళ్ళు అన్న తేడా లేకుండా అందరికీ ఒకే రూపంలో ఉంటుంది.

పదక్రమం విషయంలో క్రియ చివర నిలవడం సాధారణ నియమం. మిగతా పదాలు దేనికి ప్రాధాన్యం ఇవ్వాలో దాన్నిబట్టి జరుగుతాయి. ‘రాముడు రావణుణ్ణి చంపాడు’ అన్నది రాముడి గురించి చెప్పే మాట. రావణుడి గురించి చెప్పాలంటే ‘రావణుణ్ణి రాముడు చంపాడు’ అంటే సరిపోతుంది. చంపింది ఎవరో తేల్చి చెప్పాలంటే ‘రావణుణ్ణి చంపింది రాముడు’ అనవచ్చు. ప్రత్యయాలు సంబంధాలను కాపాడుతున్నాయి కాబట్టి పదాలు చోటు మారినా అర్థం తారుమారు కాదు. ‘రాముడి చేత రావణుడు చంపబడ్డాడు’ అన్న కర్మణి వాక్యం పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది కానీ ఇళ్ళల్లో వినిపించదు. కర్త ఎవరో చెప్పనక్కర్లేని చోట కూడా ‘నిర్ణయం తీసుకున్నారు’ అని కర్తను వదిలేసే వీలు తెలుగుకు ఉంది. ఆఫీసు కాగితాల్లోనూ వార్తల్లోనూ పేరుకుపోయిన ‘నిర్ణయం తీసుకోబడింది’ లాంటి వాక్యాల అవసరం తెలుగుకు లేదు. రాసేవారు వాటిని వదిలిపెట్టడం మంచిది.