రెండు నిమిషాల ప్రయాణం, నిండైన పనితనం

స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే, పాపా వెస్ట్రే ఇరుగుపొరుగు దీవులు. వాటి విమానాశ్రయాల మధ్య దూరం 2.7 కిలోమీటర్లు, టైంటేబుల్లో ప్రయాణ సమయం రెండు నిమిషాలు. షెడ్యూలు ప్రకారం నడిచే విమాన సర్వీసుల్లో ప్రపంచంలోకెల్లా చిన్నది ఇదే. మన శంషాబాద్ రన్‌వే పొడవు 4,260 మీటర్లు. అక్కడి ప్రయాణమంతా ఇక్కడి రన్‌వే మీదే ఇమిడిపోతుంది.

దీన్ని వింతగా చెప్పుకొని వదిలేస్తే అసలు విశేషం చూడనట్టే. దూరం తగ్గినా పైలట్ పనుల్లో ఒక్కటీ తగ్గదు. ఇంజన్లు చూసుకోవాలి, గాలి వాటం కనిపెట్టాలి, లేవాలి, లేచీ లేవగానే దిగే ఏర్పాట్లు మొదలుపెట్టాలి. రెండు నిమిషాల్లో 2.7 కిలోమీటర్లంటే సగటున గంటకు 81 కిలోమీటర్లు. ఆ విమానం దాదాపు మూడు రెట్ల వేగంతో పోగలదు. కానీ ఇక్కడ ప్రయాణమంతా లేవడం, దిగడమే. తిన్నగా సాగిపోయే ఘట్టమంటూ దాదాపు లేదు.

1967 నుంచి లోగన్‌ఎయిర్ ఈ సర్వీసు నడుపుతోంది. విమానం పేరు ఐలాండర్. జాన్ బ్రిటెన్, డెస్మండ్ నార్మన్ దీన్ని రూపొందించారు. 1965 జూన్‌లో మొదటిసారి ఎగిరింది. దగ్గరి దూరాలకు ఏం కావాలో అదే ఉంచారు, అక్కర్లేనిది తీసేశారు. చక్రాలు లోపలికి ముడుచుకోవు. రెండు నిమిషాల కోసం ముడిచి మళ్లీ చాపడానికి యంత్రాంగం ఎందుకు? ఆ బరువూ లేదు, ఆ మరమ్మతూ లేదు. లోపల నడవ కూడా లేదు. జీపులో ఎక్కినట్టు పక్క తలుపుల్లోంచి నేరుగా సీట్లోకి ఎక్కడమే. పైలట్ ఒక్కరే కాబట్టి ఆ పక్క సీట్లో ప్రయాణికుడు కూర్చోవచ్చు.

రెక్క చూడండి. మొదలు నుంచి కొస దాకా ఒకే వెడల్పు, చూపుకు సాదా పలక. తయారీ తేలిక, పైగా మరో గొప్ప గుణం ఉంది. వేగం మరీ పడిపోయినప్పుడు ఇలాంటి రెక్క ముందుగా మొదలు దగ్గర పట్టు కోల్పోతుంది. కొసల దగ్గర మాత్రం గాలి ఇంకా పని చేస్తూనే ఉంటుంది. విమానాన్ని అటూ ఇటూ వాల్చే ఐలెరాన్లు ఉండేది ఆ కొసల్లోనే. అందుకే నెమ్మదిగా దిగుతున్నప్పుడూ అదుపు పైలట్ చేతిలోనే ఉంటుంది. పొట్టి రన్‌వేల మీద దిగే విమానానికి ఇంతకన్నా ఏం కావాలి?

మిగతాది మనిషి పని. అట్లాంటిక్ గాలి ఎటు వీస్తే దానికి ఎదురుగా లేవాలి, ఎదురుగా దిగాలి. రన్‌వే దిశ కలిసొస్తే దారి దాదాపు తిన్నగా ఉంటుంది, లేకపోతే మలుపు తిరిగి రావాలి. ఈ దారిలో వేలసార్లు విమానం నడిపిన కెప్టెన్ స్టువర్ట్ లింక్‌లేటర్ ఒకసారి 53 సెకన్లలో దాటారు. రికార్డు అదే. ఆ 53 సెకన్ల వెనక ఆ దీవుల గాలిని ఏళ్ల తరబడి చదివిన అనుభవం ఉంది.

పాపా వెస్ట్రేలో ఉండేది వంద మందిలోపే. టీచర్లు, వైద్య సిబ్బంది, కిర్క్‌వాల్ పట్టణంలో పనులున్నవాళ్లు, ఐదువేల ఏళ్లు దాటిన న్యాప్ ఆఫ్ హవర్ రాతి ఇళ్లను చూడవచ్చేవాళ్లు ఈ విమానం ఎక్కుతారు. సుదూరాలకు ఆగకుండా ఎగిరే సర్వీసులను మనం గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. పక్కనున్న దీవికి అంతే శ్రద్ధతో, ఏళ్ల తరబడి విమానం నడపడమూ ఆ గౌరవానికి తగిన పనే.