హెడర్లు కాచేవారు

చిక్కబళ్లాపురం జిల్లాలో, బాగేపల్లి, చింతామణి వైపు చాలా ఇళ్లలో మాట తెలుగు, సర్కారు కాగితం కన్నడం. ఆ కాగితాన్ని ఒక్క ముక్క కలపకుండా, తీయకుండా ఇంట్లో చదివి చెప్పే మనిషికి ఎంత విలువో, క్యూఎమూ అనే ఎమ్యులేటర్ ప్రాజెక్టులో లినక్స్ కెర్నెల్ హెడర్లు, అంటే నిర్వచనాలుండే ఫైళ్లు, చూసుకునేవారికీ అంతే విలువ.

ఫాబ్రిస్ బెల్లార్ 2003లో విడుదల చేసిన ఈ ఎమ్యులేటర్, 2007లో లినక్స్ 2.6.20తో వచ్చిన కెర్నెల్ వర్చువలైజేషన్ భాగం కేవీఎంతో మాట్లాడాలంటే రెండుచోట్లా నిర్వచనాలు ఒక్కటిగా ఉండాలి. అందుకే ఆ హెడర్ ఫైళ్లను చేత్తో దిద్దరు. లినక్స్ మూలం నుంచే స్క్రిప్టుతో తెచ్చి, ఏ వెర్షనో రాసి, విడి కమిట్‌గా చేరుస్తారు. కెర్నెల్‌తో ముడిపడిన కొత్త ఫీచర్లు ఆ నిర్వచనాలు సరిగ్గా ఉన్నాయన్న నమ్మకం మీదే నడుస్తాయి. ఫీచర్ రాసినవారికి దక్కే మెప్పు వీరికీ దక్కాలి.