సెగ పట్టిన డోలు

డోలును ముందు నిప్పుకు చూపించాలి. ఫాల్గుణంలో బస్తర్ పగళ్ళు ఎంత కాగినా, రాత్రి పది దాటాక దంతేవాడలో శంఖిని, డంకిని కలిసే చోటి నుంచి చల్లటి తేమ పైకి లేస్తుంది. ఆ తేమకి తోలు సడలిపోతుంది. సడలిన తోలు మీద దెబ్బ వేస్తే తడిసిన గోనెసంచి మీద కొట్టినట్టుంటుంది. అందుకని ఎండుటాకులూ చితుకులూ పోగేసి మంట వేస్తారు. డోలును దానికి ఎదురుగా పట్టుకుని నెమ్మదిగా తిప్పుతారు, మధ్యమధ్యలో వేలితో ఓసారి తట్టి చెవి ఒగ్గుతారు. సెగ ఎక్కువైతే తోలు చిట్లిపోతుంది, తక్కువైతే ఆట మధ్యలో డోలు గొంతు పడిపోతుంది. ఎప్పుడు చాలో వేలికీ చెవికీ తెలియాలి, అంతే.

నేను మొట్టమొదట చూసింది ఆ మంటనే. 1984, నాకు పదిహేనేళ్ళు. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేసేటప్పుడు మా నాన్న శ్రీకాకుళం నుంచి కూలిపనికి వచ్చాడు. బైలాడిలా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపించడానికి వేసిన మార్గం అది. పని అయిపోయాక చాలామంది వెనక్కి వెళ్ళిపోయారు, నాన్న గీదంలో ఉండిపోయాడు. జగదల్‌పూర్ నుంచి వచ్చే రోడ్డు ఇక్కడే రెండుగా చీలుతుంది. ఒకటి బీజాపూర్, భోపాల్‌పట్నం మీదుగా మన మంచిర్యాల, నిజామాబాద్ వైపు పోతుంది, రెండోది దంతేవాడకి. మా వీధిలో తెలుగు, బజారులో హల్బీ, బడిలో హిందీ, సంత రోజున ఊరంతా గోండి. నాలుగు భాషల మధ్య పెరిగిన పిల్లాణ్ణి, ఆ రాత్రి పక్కింటి మాడియా కుర్రాడు సైకిలు వెనక ఎక్కించుకుని సుమారు 12 కిలోమీటర్లు తొక్కి ఫాగున్ మడైకి తీసుకెళ్ళాడు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, నేను దాదా అని పిలిచేవాణ్ణి.

ఫాగున్ మడై అంటే దంతేశ్వరి అమ్మవారి గుడి దగ్గర హోలీకి ముందునుంచి జరిగే జాతర. చుట్టుపక్కల ఊళ్ళ దేవుళ్ళందరూ తమ గుర్తులతో, జెండాలతో, వాద్యాలతో వచ్చి అమ్మవారిని కలుస్తారు. ఒక్కో రాత్రి ఒక్కో వేట నడుస్తుంది: కుందేలు వేట, కోట్రి అనే చిన్న జింక వేట, చుక్కల దుప్పి వేట, చివరికి గంవర్ మార్, అంటే అడవిదున్న వేట. నిజంగా చంపడం ఉండదు. ఒక మనిషి జంతువు వేషం కడతాడు, మిగతావాళ్ళు వెతుకుతారు, తరుముతారు. తెల్లవారేదాకా ఆ దోబూచులాట నడుస్తుంది. డోళ్ళు ఆగవు.

ఆ తర్వాత విశాఖపట్నంలో చదువుకునే రోజుల్లో, ఓ కాలేజీ ఉత్సవానికి రాక్ బ్యాండు వచ్చింది. నాకు అదే మొదటి రాక్ కచేరీ. వేదిక పక్కన మనిషెత్తు స్పీకర్లు. డ్రమ్ముల కుర్రాడు కాలితో పెద్ద డ్రమ్ము మీద మొదటి దెబ్బ వేయగానే నా స్నేహితులంతా ఎగిరి గంతేశారు. నేను మాత్రం కదలకుండా నిలబడిపోయాను. ఆ దెబ్బ చెవికంటే ముందు రొమ్ముకి తగిలింది. ఎముకల్లో మోగే ఆ మోత నాకు తెలిసినదే! కరెంటు లేకుండా, తీగ లేకుండా, ఇదే దెబ్బ నేను దంతేవాడలో తిన్నాను. ఆ తర్వాత బొంబాయిలో, హైదరాబాద్‌లో మరికొన్ని కచేరీలు చూశాను. కుర్రతనంలో ఏయే కచేరీలకు వెళ్ళావని ఎవరైనా అడిగితే, ఇప్పటికీ ముందు మడై పేరే చెబుతాను.

పెద్ద జనానికి సంగీతం వినిపించడం ఎలా అన్నది రాక్ వాళ్ళను వేధించిన ప్రశ్న. 1969 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలోని బెతెల్ దగ్గర ఒక పాడిరైతు పొలంలో వుడ్‌స్టాక్ జరిగింది, నాలుగు లక్షల మందికి పైగా వచ్చారు. 1974లో గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం దాదాపు 600 స్పీకర్లను గోడలా పేర్చి తమ వెనక నిలబెట్టుకుంది. వాయించేవాళ్ళు నలుగురైదుగురే కాబట్టి వాళ్ళ శబ్దాన్ని కరెంటుతో పెంచాలి. మడైలో ఆడే దండామి మాడియాలు, మా పక్కింటి దాదా తెగవాళ్ళు, దీన్ని మరో దారిలో పరిష్కరించారు. జనం పెరిగేకొద్దీ వాయించేవాళ్ళూ పెరుగుతారు. ఊరికో డోళ్ళ గుంపు వస్తుంది. మైదానం నిండినప్పుడు ఎక్కడ నిలబడ్డా నీ పక్కనే ఒక డోలు ఉంటుంది.

డోలు సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆటంతా దాని ఆకారంలోంచే పుడుతుంది. ఒకే చెక్క మొద్దును లోపల తొలిచి, రెండు ముఖాలకూ తోలు బిగిస్తారు. పొడుగాటి స్తంభంలా ఉంటుంది. మెడకు పట్టీ వేసి పొట్టకు అడ్డంగా వేలాడదీసుకుంటారు. ఒక ముఖాన్ని కర్రతో, రెండోదాన్ని అరచేత్తో వాయిస్తారు. అంత బరువు మెడనుంచి వేలాడుతుంటే మనిషి నిటారుగా నిలబడలేడు. మోకాళ్ళు కొంచెం వంచాలి, నడుము వెనక్కి వాల్చాలి. అడుగు వేస్తే డోలు ఊగుతుంది, ఊగిన డోలు తిరిగి వచ్చేదాకా రెండో అడుగు వేయడానికి లేదు. అంటే తాళం ఎంత వేగంగా నడవాలో ఆ బరువే నిర్ణయిస్తుంది. మనిషి తొందరపడినా డోలు తొందరపడదు. బ్యాండులో డ్రమ్మర్ కూర్చుని వాయిస్తాడు, మిగతావాళ్ళు గంతులేస్తారు. ఇక్కడ వాయించడం, నడవడం, ఆడడం మూడూ ఒకే కండరాల పని.

తల మీద కొమ్ములు. వెదురుతో అల్లిన టోపీ లాంటి చట్రానికి అడవిదున్న కొమ్ములు రెండు వైపులా బిగించి, నడుమ ఈకల కుచ్చు పెడతారు. ముందువైపు గవ్వల పేర్లు కళ్ళ మీదుగా జాలరులా దిగుతాయి. బ్రిటిష్ అధికారి డబ్ల్యు.వి. గ్రిగ్సన్ 1938లో అచ్చయిన తన పుస్తకంలో వీళ్ళను బైసన్ హార్న్ మాడియాలు అన్నది ఈ కొమ్ముల వల్లే. ఆ గవ్వల తెర వెనకనుంచి ఆటగాడికి లోకం ముక్కలు ముక్కలుగా కనబడుతుంది. పక్కవాడి ముఖం కనబడదు, పక్కవాడి డోలు వినబడుతుంది. కొమ్ములు బరువు కనుక తల విసురుగా తిప్పడానికి లేదు, దున్న తిప్పినట్టే నిదానంగా, మెడ మొదట్లోంచి తిప్పాలి. దున్నను అనుకరిస్తున్నారని చూసినవాళ్ళు రాస్తుంటారు. ఆ బరువు నెత్తిన పెట్టుకున్నాక మరోలా కదలడం కుదరదు. ఉన్నట్టుండి ఇద్దరు కుర్రాళ్ళు కొమ్ములు వంచి ఎదురెదురుగా వస్తారు, కుమ్ముకుంటారు, ఒకడు కొమ్ముతో నేలమీది ఆకులు ఎగజిమ్ముతాడు. తాళం మాత్రం తప్పదు, డోలు తన మానాన మోగుతూనే ఉంటుంది.

1972 వన్యప్రాణి రక్షణ చట్టం అడవిదున్నను మొదటి షెడ్యూలులో పెట్టింది. అందువల్ల ఇప్పుడు కనబడే కొమ్ములు చాలావరకు తాతలనాటివి. ఇంట్లో నగల్లా దాచుకుంటారు.

ఆడవాళ్ళ వాద్యాన్ని జనం సరిగ్గా గమనించరని నాకు ఎప్పుడూ బాధ. నుదుటికి ఇత్తడి పట్టీ, మెడనిండా పూసలు వేసుకుని వాళ్ళు వేరే వరసలో వస్తారు. కుడిచేతిలో పొడుగాటి కర్ర, దాని పైకొసన గలగలలాడే ఇనుప గజ్జెలు. అడుగుతో పాటు కర్ర నేలకు తగులుతుంది, గజ్జెలు ఝల్లుమంటాయి. ఫొటోల్లో అది అలంకారంలా కనిపిస్తుంది, కానీ ఆటను నిలబెట్టేది అదే. డోలు మోత లోతైనది. అలాంటి లోతు శబ్దం చెట్లను, మనుషులను చుట్టుకుని చాలా దూరం పోతుంది, కానీ దాని అంచు మొద్దుబారిపోతుంది. దెబ్బ ఎక్కడ పడిందో దూరంగా ఉన్నవాడికి స్పష్టంగా తెలియదు. గజ్జెల శబ్దం సన్నం, దూరం పోదు, కానీ సూదిమొనలా ఉంటుంది. రెండూ కలిస్తేనే లయ దొరుకుతుంది. నేను చూసినంతలో, మగవాళ్ళు ఉత్సాహం కొద్దీ దౌడు తీయబోతే, ఆడవాళ్ళ వరస తన నడక మార్చదు. కాసేపటికి డోళ్ళే దిగివచ్చి ఆ నడకలో కలుస్తాయి.

మూడో ఏడు దాదా నా మెడలో డోలు వేశాడు. రెండు నిమిషాలు గడిచేసరికి నా చేతులు తడబడ్డాయి. సిగ్గుతో తీసేయబోయాను.

“దాదా, నాకు చెయ్యి కుదరట్లేదు” అన్నాను.

“చెయ్యి సంగతి వదిలెయ్ తమ్ముడూ. కాలు కుదిరితే చెయ్యి దాని వెనకే వస్తుంది.”

హల్బీలో మాట్లాడుతున్నవాడు ఆ మాట దగ్గర మాత్రం గోండిలోకి వెళ్ళి “కాల్” అన్నాడు. నాకు తర్జుమా అక్కర్లేకపోయింది. గోండిలో కాల్ అంటే కాలే, కయ్ అంటే చెయ్యే. రెండ్, ముండ్, నాలుంగ్ అని వాళ్ళు అడుగులు లెక్కపెడుతుంటే మా అమ్మ బియ్యం కొలుస్తున్నట్టే వినిపించేది. మన భాషకు తోబుట్టువు లాంటి భాష అది. ఇంట్లో ఎవరూ చెప్పలేదు, బడిలోనూ చెప్పలేదు, డోలు మోయబోతే తెలిసింది.

ఈ చుట్టరికం భాషతో ఆగదు. భద్రాచలం, చింతూరు ప్రాంతాల కోయలు కొమ్ములు, నెమలీకలు పెట్టుకుని డోళ్ళతో ఆడే కొమ్ము నాట్యం తెలుగువాళ్ళకు తెలిసినదే. వాళ్ళ ఆడపడుచులు పాడే రేలపాటల రేలా, బస్తర్ పాటల్లో వినబడే రేలా ఒకటే. కోయల పుట్టుపూర్వోత్తరాలను, సమ్మక్క–సారలమ్మల కథను డోలు మీద గానం చేసిన మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి బస్తర్ రాజ్యం స్థాపించాడని, దంతేశ్వరి ఆ వంశపు ఇలవేల్పని ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. మడైలో నిలబడ్డ తెలుగువాడు పరాయి పండగకు వచ్చినట్టు ఉండనక్కర్లేదు.

బస్తర్ వాద్యాలంటే డోలొక్కటే కాదు. గుడి ముందు సన్నాయి లాంటి మోహరీ, చిన్నదైన తుడ్‌బుడీ, పెద్ద నగారా కలిసి మోగుతాయి. ఏ దేవుడికి ఏ వరస వాయించాలో నియమం ఉంది, దాన్ని పాడ్ అంటారు. కుండ మీద చేట బోర్లించి, చేట మీద విల్లు ఆనించి, గాట్లు పెట్టిన ఆ విల్లును వెదురు పుల్లతో గీరుతూ గురుమాయిలనే గాయనులు రాత్రుళ్ళు జగార్ కథలు పాడతారు. దాని పేరు ధనకుల్. చేతితో గాలిలో ఊపితే మోగే వెదురు పిల్లనగ్రోవి సులూర్‌ను తయారుచేసే నారాయణపూర్ కళాకారుడు పండీరామ్ మండావీకి 2025లో పద్మశ్రీ ఇచ్చారు. ఈ వాద్యాలన్నిటినీ, వాటిని వాయించేవాళ్ళనూ బస్తర్ బ్యాండ్ పేరుతో ఒకచోట చేర్చిన అనూప్ రంజన్ పాండేకు 2019లోనే అదే గౌరవం దక్కింది. ఆ బృందం పేరులో బ్యాండ్ అన్న మాట నాకు చాలా ఇష్టం.

2005 తర్వాత కొన్నేళ్ళు, అడవుల్లో సాగిన పోరు వల్ల, చీకటిపడ్డాక ఊరు దాటడమే కష్టమైంది. మడై జరిగేది, దూరపు ఊళ్ళ డోళ్ళు మాత్రం రాలేకపోయేవి. రాత్రంతా సాగాల్సిన ఆట పొద్దుగూకేలోపు ముగిసిన ఏడాది నాకు గుర్తుంది. ఆ నిశ్శబ్దం గురించి ఇంతకంటే రాయలేను.

ఇప్పుడు రోడ్లు తెరుచుకున్నాయి, కష్టం మరో రూపంలో వచ్చింది. మా వీధి పెళ్ళిళ్ళలో డీజే పెట్టెలు. సభల్లో మాడియా నాట్యానికి ఎనిమిది నిమిషాలు, అతిథులు రావడం ఆలస్యమైతే ఐదు. నేను హాజరైన ఒక వేడుకలో వేదిక మీద డోలుకు మైకు ఆనించారు. మోతంతా బొంగురుపోయింది, గజ్జెల సవ్వడి అసలే వినబడలేదు. ఆడవాళ్ళ వరసను వెనక్కి నెట్టారు, కొమ్ముల వాళ్ళను ఫొటో కోసం ముందుకు తెచ్చారు. వేదిక చిన్నది, డోలు ఊగడానికి చోటు లేదు. ఊగని డోలుతో అడుగు పడదు. ఆ కుర్రాళ్ళు నిలబడి వాయించేసి దిగిపోయారు. వెనక వరసలో ఒకమ్మాయి కర్రను చప్పుడు కాకుండా చెక్క మీద ఆనించి ఉంచడం చూశాను. ఎందుకని తర్వాత అడిగితే, కింద నేల లేదు కదా అంది.

పోయిన ఫాల్గుణంలో మా అమ్మాయిని తీసుకెళ్ళాను. హైదరాబాద్‌లో ఉద్యోగం, కచేరీలకు టికెట్లు నెలల ముందే కొనే పిల్ల. గుడి ముందరి గరుడ స్తంభం దాటి, జీలుగు కల్లు, జిలేబీలు అమ్మే దుకాణాల పక్కనుంచి చీకట్లో నడుస్తుంటే, “నాన్నా, స్టేజీ ఎటు?” అని అడిగింది. ఎక్కడో దూరంగా ఒక డోలు ఉండుండి మోగుతోంది. ఆ దిక్కుకే నడిచాం.

దాదా మంట దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసిపోయింది, కొమ్ములు ఇప్పుడు ఆయన కొడుకు పెట్టుకుంటున్నాడు. నన్ను చూసి నవ్వి, మా అమ్మాయి చెయ్యి పట్టుకుని తోలు మీద పెట్టించాడు. తను వేలితో తట్టింది, తల పక్కకు వంచి వింది. మళ్ళీ తట్టింది.

“ఇంకా కావాలేమో, పెదనాన్నా” అంది తెలుగులో.

ఆయన డోలును మళ్ళీ మంటవైపు తిప్పాడు. అవతల ఆడవాళ్ళు అప్పటికే ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసి వరస కట్టి, కర్రలు నేలకు ఆనించి నిలబడి ఉన్నారు.