కులం అడగని మాయాలోకం: చందమామ సీరియళ్ళను మళ్ళీ చదివితే

చందమామ సీరియళ్ళ గురించి రాసేవాళ్ళలో ఎక్కువమంది వాటిని ప్రేమించినవాళ్ళే. మేమూ ప్రేమించినవాళ్ళమే. అయితే ఆ ప్రేమలు రెండూ ఒకటి కావని చెప్పడానికే ఈ వ్యాసం.

మా ఊరు దేవరకొండకూ కల్వకుర్తికీ నడుమ ఉంటది. మాకు చందమామ పోస్టులో రాలేదు. మా చిన్నాయన మేస్త్రి వెంట పట్నం పోయి మట్టిపని చేసి, పండుగకు వచ్చేటప్పుడు పాత కాగితాల దుకాణంలో తూకానికి కొన్న చందమామలు సంచిలో వేసుకొచ్చేటోడు. ఆయనకు చదువు రాదు. బొమ్మలు చూసి ఏరుకొచ్చేది. అందుకే మాకు ఏ సీరియలూ మొదటినుంచి చివరిదాకా దొరకలేదు. మూడో భాగం ఉంటే నాలుగోది ఉండదు. నడుమ ఏం జరిగి ఉంటదో వాడలో పిల్లలం మేమే అల్లుకునేటోళ్ళం.

నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో చందమామను మొదలుపెట్టింది 1947 జులైలో. దాసరి సుబ్రహ్మణ్యం 1952లో అందులో చేరి ఐదు దశాబ్దాలకు పైగా పనిచేశారు. 1954లో వచ్చిన ‘తోకచుక్క’ తర్వాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు వరుసగా రాశారు. చాలావాటికి బొమ్మలు వేసింది ‘చిత్ర’. ఇప్పుడవి పుస్తకాలుగా వచ్చాయి. ముప్పై దాటినంక, నడుమ భాగాలు పోకుండా, మొదటిసారి చదువుకున్నాం.

చదివితే తెలిసిందేమంటే, చిన్నప్పుడు మమ్మల్ని పట్టుకున్నవి ఏకాక్షి మంత్రాలూ కాదు, ఉగ్రాక్షుడి బలమూ కాదు. ఈ సీరియళ్ళలోనూ, వాటి పక్కన అచ్చయిన జానపద కథల్లోనూ ఒక యువకుడు ఊరు విడిచి పోతాడు. దాహమైతే కనబడ్డ నీళ్ళల్లో దిగి తాగుతాడు. పొద్దుగూకితే ఎదురైన ఇంటి తలుపు తడతాడు. పేదరాసి పెద్దమ్మ లోపలికి పిలిచి అన్నం పెడుతుంది. నువ్వెవలోనివి, ఏ కులపోనివి అని అడగదు. మా అవ్వ ఊరి హోటల్లో వేరే గ్లాసులో చాయ తాగిన మనిషి. ఆమె కొడుకులం ఆ పుటలు చదువుతూ ఎందుకంత మైమరిచిపోయామో ఇప్పుడు అర్థమవుతున్నది.

యూనివర్సిటీలో సీటొచ్చినంక పట్నంలో కిరాయి గది కోసం తిరిగినం. ఒక ఇంటాయన పేరడిగిండు, ఊరడిగిండు, ఇంటిపేరడిగిండు. మూడోదానికి జవాబు చెప్పేసరికి గది ఖాళీ లేదన్నడు. ఆ రోజు మాకు పేదరాసి పెద్దమ్మ యాదికొచ్చింది.

చందమామలో అన్నిటికంటే పెద్ద మాయ ఈ కులం అడగని లోకమే. అగ్రకుల పిల్లలకు అది మాయగా కనబడే అవకాశం లేదు. బయట వాళ్ళను అడిగినా, ఆ జవాబుతో తలుపు మూసుకోదు. మాకు మాత్రం అదే కథ. ప్రేమలు రెండూ ఒకటి కావంటున్నది ఇందుకే.

మరి ఆ లోకంలో కులం నిజంగా పోయిందా? పోలేదు. దాని పేరు ఎత్తకుండా జరిపారు, అంతే. రాజు కొడుకే రాజు. పురోహితుడు, మంత్రి, సేనాని ఎవరి స్థానంలో వాళ్ళు ఉంటారు. సైనికులు గుంపుగా వస్తారు, గుంపుగా చస్తారు, పేర్లుండవు. ఆ సేనాని చెప్పులు ఎవరు కుట్టారో, చచ్చిన గుర్రాన్ని ఎవరు ఈడ్చారో, కోటగోడకు రాళ్ళెవరు మోశారో కథకు పట్టదు. అడవి ఉంది, ఊరు ఉంది, రాజధాని ఉంది. వాడ లేదు.

ఇందుకు ఎదురు నిలిచే పాత్రలు లేకపోలేదు. ‘ముగ్గురు మాంత్రికులు’లో పింగళుడు చేపలు పట్టుకొని తల్లిని సాకే జాలరి. ‘శిథిలాలయం’లో శిఖిముఖి శబరుడు. మాకు రాజకుమారులకంటే వీళ్ళే దగ్గర. కానీ పింగళుడి కథనే చూడండి. మంత్రం పద్మపాదుడిది, మునిగేది, తెగించేది పింగళుడు. శ్రమ ఒకరిది, విద్య ఒకరిది. చిన్నప్పుడు దీన్ని స్నేహమనుకున్నాం. పింగళుడు ఆ విద్య తానే ఎందుకు నేర్చుకోకూడదన్న ప్రశ్న అప్పుడు మాకు రాలేదు. చదువు దాకా వచ్చిన మొదటి తరానికి ఇప్పుడు అది రాక తప్పదు.

కోట సంగతి చూద్దాం. ‘కంచుకోట’ అన్న పేరు వింటే మాకు మెదిలేది దేవరకొండ ఖిల్లా. ఇంకా దగ్గరగా అయితే దొర గడి. కథలో కోటలోకి జొరబడడం సాహసం. మా తాతలకు గడిలోకి పోవడమంటే చెప్పులు చేతపట్టుకొని, కుట్టిన చెప్పులూ మోట బొక్కెనా ఉత్తగనే అప్పజెప్పి రావడం. దాన్నే వెట్టి అన్నరు. చందమామ మొదటి సంచికకు ఏడాది ముందు, 1946 జులై 4న, అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తుపాకులకు బలైండు. గడీలు కూలుతున్న కాలంలోనే మంచి రాజు తిరిగి గద్దెనెక్కే కథలు తెలుగు పిల్లల చేతికొచ్చాయి. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా ఆ పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు మార్క్సిస్టు. అభ్యుదయవాదులకు వర్గం కనబడ్డంతగా కులం కనబడలేదనడానికి పిల్లల పత్రిక కూడా ఒక సాక్ష్యమే.

అసలు నొప్పి ఇంకొకచోట ఉంది. ‘భల్లూక మాంత్రికుడు’ పేరు చూసి వణుకుతూ మురిసిన మేము, మా వాడకు చిందోళ్ళొచ్చి జాంబపురాణం ఆడితే సిగ్గుపడ్డాం. బడిలో తోటి పిల్లలు వెక్కిరించారు మరి. ఆ ఆటలో జాంబవంతుడు భూమి పుట్టకముందే పుట్టినవాడు. బ్రాహ్మణుడితో ఎదురుబదురుగా వాదానికి దిగుతాడు. అంటు ఎక్కడిది, ఎవరు ముందు, ఎవరు వెనుక అని నిలదీస్తాడు. చందమామ కులాన్ని మరిచిపోయి మాయాలోకం కట్టింది. జాంబపురాణం కులాన్ని నిలదీసి మాయాలోకం కట్టింది. నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ, ఆడమనిషై ఉండి, 2005లో చనిపోయేదాకా ఆ జాంబవంతుడి వేషానికే పేరుమోసింది. పాలమూరు దిక్కు డక్కలి కళాకారుడు దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడిండు. ఉన్నోళ్ళను కొట్టి లేనోళ్ళకు పెట్టిన సాయన్న రాజు కొడుకు కాదు. 2022లో మొగులయ్యకు పద్మశ్రీ వచ్చినంక గదా చాలామందికి కిన్నెర పేరు తెలిసింది!

పిల్లల కథలకు ఇంత విచారణ ఎందుకని కొందరు అడుగుతారు. పిల్లప్పుడు చదివిందే ఎముకల్లోకి దిగుతుంది గనుక. మరి తగలబెట్టమంటారా అని ఇంకొందరు. అననే అనం. మాకు తెలుగు చదవడం నేర్పింది ఆ పుటలే. పిల్లల చేతికి వాటినీ ఇవ్వండి. ఇచ్చినప్పుడు కోటకు రాళ్ళెవరు మోశారని అడగండి. పక్కనే జాంబవంతుణ్ణి కూర్చోబెట్టండి.

విమర్శ మన మీద కూడా ఉంది. దళిత సాహిత్యం ఆత్మకథ ఇచ్చింది, ధిక్కారం ఇచ్చింది. వేముల ఎల్లయ్య ‘కక్క’ (2000) నల్లగొండ మాదిగవాడ మాటను నవలకెక్కించింది. 2008లో అన్వేషి ‘డిఫరెంట్ టేల్స్’ పేర తెచ్చిన పిల్లల పుస్తకాల్లో గోగు శ్యామల లాంటివాళ్ళు వాడ పిల్లలను కథానాయకులను చేశారు. కానీ మన పిల్లలు రాత్రి నిద్రమాని చదివే మాయల మరాఠీ కథలు, ద్వీపాలు, ఎగిరే గుర్రాలు మనమెన్ని రాశాం? బాధ మాత్రమే మనదని, ఊహ వాళ్ళదని మనమే ఒప్పుకున్నట్టు కాదా?

హాస్టళ్ళలో పనిచేసే టీచర్లకు, విద్యార్థి సంఘాల మిత్రులకు ఒక మాట. చిందు, డక్కలి పెద్దలు ఉండగానే వాళ్ళ కథలు పిల్లల చేత విని రాయించండి. దొరకని భాగాలుంటే పిల్లల్నే అల్లమనండి. మేమట్లనే అల్లుకున్నం. ఆ అల్లినవాటిలో వాడ ఉండేది.