వందేళ్లకు తొలి సోలో

వయసు మీద పడ్డాక వాయిద్యం కూడా మెత్తబడాలని మనకో పట్టింపు. మార్షల్ అలెన్‌కి ఆ పట్టింపేమీ లేదు. 1924లో అమెరికాలోని లూయివిల్‌లో పుట్టిన ఈయన 1958 నుంచీ సన్ రా ఆర్కెస్ట్రా అనే జాజ్ బిగ్ బ్యాండ్ మనిషి. 1995 నుంచి దానికి నాయకుడు. వీడియోల్లో చూడండి: తళతళలాడే అంగీ, తలకో టోపీ. కుడిచేత్తో ఆల్టో శాక్సోఫోన్ మీటల్ని గిటార్ తీగల్లా బరుకుతూ కీచుమనిపిస్తాడు. తన పేరు మీద తొలి సోలో ఆల్బమ్ 'న్యూ డాన్' 2025 ఫిబ్రవరిలో వచ్చింది. అప్పటికి వందేళ్లు నిండాయి. మనమైతే షష్టిపూర్తికే శాలువా కప్పి కూర్చోబెట్టేస్తాం!

ఈ ఓపికలో సగం బిగ్ బ్యాండ్‌దేనని నా అనుమానం. మామూలుగా అందులో పదిహేడు మంది దాకా ఉంటారు: ఐదు శాక్సోఫోన్లు, నాలుగు ట్రంపెట్లు, నాలుగు ట్రాంబోన్లు, వెనక పియానో, గిటార్, బేస్, డ్రమ్స్. దీర్ఘంగా సాగే స్వరం దగ్గర అందరూ ఒకేసారి ఊపిరి పీల్చరు. ఒకరు ఆగితే పక్కవాడు పట్టి ఉంచుతాడు. వినేవాడికి తెగినట్టే తెలియదు. ట్రంపెట్‌వాళ్లకి మాత్రం వయసు పెద్ద పరీక్ష. పెదాల పట్టు సడలితే పై స్వరాలు పలకవు. కాకపోతే పై స్థాయి మోసే కుర్చీని కుర్రవాడికిచ్చి, కింది స్వరాల కుర్చీలోకి జరిగే వెసులుబాటుంది. శాక్సోఫోన్‌కి పై పళ్లు ఆనాలి. కట్టుడు పళ్లతో అదో అవస్థ.

పియానో వాయిస్తూ తన పేరిటి బిగ్ బ్యాండ్‌ని నడిపిన కౌంట్ బేసీ చివరి రోజుల్లో మోటారు బండి మీద వేదికెక్కేవాడు. ఆయన బలం మొదట్నుంచీ పొదుపే. రెండు మూడు స్వరాలు మీటి మిగతాది బ్యాండుకి వదిలేసేవాడు. 1937లో ఆయన దగ్గర చేరిన ఫ్రెడ్డీ గ్రీన్, 1987లో పోయేదాకా ఆ బ్యాండులో గిటార్ వదల్లేదు. యాంప్లిఫైయర్ లేదు, సోలోలు దాదాపు లేవు, లెక్క తప్పకుండా నాలుగు దెబ్బలు. నాకు ఆ మొత్తం బ్యాండులో ఎక్కువ ఇష్టం ఆయనే.

బేసీ తర్వాత ఆ బ్యాండుని తొమ్మిదేళ్లు నడిపిన శాక్సోఫోన్ వాద్యకారుడు ఫ్రాంక్ ఫోస్టర్‌కి 2001లో పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పనికిరాకుండా పోయింది. శాక్సోఫోన్‌కి రెండు చేతులూ కావాలి, ఇక కుదరదు. ఎవరి కుర్చీలో ఏం పలకాలో రాయడానికి మాత్రం కుడిచెయ్యి చాలు. 2011లో పోయేదాకా రాస్తూనే ఉన్నాడు.