చేత ఇనుమా, పోత ఇనుమా?

జపాన్ కత్తికి పిడికీ అలుగుకీ నడుమ బిగించే లోహపు బిళ్లే త్సుబా. ఏడెనిమిది సెంటీమీటర్ల వెడల్పు, నాలుగైదు మిల్లీమీటర్ల మందం. 1876లో మేజీ ప్రభుత్వం కత్తి ధరించి తిరగడాన్ని నిషేధించాక చాలా త్సుబాలు కత్తుల్ని వదిలి సేకర్తల సొరుగుల్లోకి చేరాయి, ఓడలెక్కి యూరప్, అమెరికాలకు వెళ్లాయి. గిరాకీ వెంట నకళ్లూ వచ్చాయి.

రెంటిని పక్కపక్కన పెడదాం. రెండూ హికోనె ఊరి సోతెన్ అనే పనివాడి పద్ధతివి: ఇనుప బిళ్లను అటూ ఇటూ తొలిచి, చెట్ల కింద చీనా ఋషుల్నో యోధుల్నో నిలిపి, అక్కడక్కడ బంగారం అద్దినవి. ఒకటి ఎడో కాలపు చేతిపని. రెండోది అలాంటిదానికే అచ్చు తీసి ఇనుము పోసి చేసినది.

ముఖభాగం చూసి తేల్చబోతే మోసపోతాం. అమ్మేవాడు ఫొటో తీసేది దాన్నే, నకలు చేసినవాడు శ్రద్ధ పెట్టిందీ దానిమీదే. బిళ్లను పక్కకు తిప్పి, తొలిచిన సందుల లోపలి గోడల్ని భూతద్దంలో చూడాలి. అసలుదాంట్లో అక్కడ ఉలి, ఆకురాయి తిరిగిన జాడలుంటాయి. అంచులు పదునుగా తెగి ఉంటాయి. ఋషి మోచేతి కింద, కొమ్మ వెనక కూడా పనివాడి ఉలి దూరి ఉంటుంది. పోతదాంట్లో గోడ ఇసుక అద్దినట్టు గరుకుగా ఉంటుంది, మూలలు మొద్దుబారి ఉంటాయి. అచ్చు రెండు సగాలు కలిసిన చోట, మందానికి సరిగ్గా నడుమ, సన్నని గీత కనిపించవచ్చు. దాన్ని రాకి చెరిపేసినా ఆ ఒక్క పట్టీ మాత్రమే నున్నగా మెరిసి గుట్టు బయటపెడుతుంది.

గుంటల దగ్గర తొందరపడకూడదు. పాత ఇనుముకూ గుంటలుంటాయి. తుప్పు తిన్న గుంట అంచులు చిందరవందరగా ఉంటాయి. పోతలో గాలి బుడగ మిగిల్చిన గుంట గుండ్రంగా, అడుగు నున్నగా ఉంటుంది.

నాకు అన్నిటికన్నా నమ్మకమైన సాక్షి అరిగిపోయిన బంగారం. అసలు పనిలో ఇనుము మీద అడ్డదిడ్డంగా సన్నని గీతలు గీసి, బంగారు రేకును వాటిమీద సుత్తితో అదిమేవారు. రేకు పోయినచోట ఆ గీతల అల్లిక పైకి తేలుతుంది. నకలులో బంగారు రంగు పోతే కింద వట్టి ఇనుమే.

కత్తి తోక దూరే నడిమి రంధ్రం కూడా మాట్లాడుతుంది. ఒక కత్తి నుంచి ఇంకో కత్తికి మార్చినప్పుడు వదులు తీయడానికి రంధ్రం చుట్టూ పోటు దెబ్బలు కొట్టేవారు, పైనా కిందా రాగి ముక్కలు దూర్చేవారు. పోతలో ఆ దెబ్బలు కూడా కరిగినట్టుంటాయి. రాగి ముక్కలైతే కొన్నిసార్లు బిళ్లతో కలిసిపోయిన ఇనుమే! తట్టి మోగించి చూడమనే సలహా మీద నాకంత గురి లేదు. దట్టంగా తుప్పు పట్టిన అసలుదీ మూగబోవచ్చు. కొలత పనికొస్తుంది: పోత ఇనుము చల్లారేటప్పుడు నూటికి సుమారు ఒక వంతు కుదించుకుపోతుంది. అందుకే అసలు నుంచి అచ్చు తీసిన నకలు దానికన్నా కొంచెం చిన్నదిగా వస్తుంది.

అలాగని పోత అంటే నకిలీ అని తీర్మానించలేం. అద్దాలు చేసేవాళ్లవిగా చెప్పే కంచు త్సుబాలు పోతపోసినవే, నిజంగా పాతవే. మరోవైపు నొబుయియె, కనెయియె వంటి పెద్దల పేర్లను చక్కటి చేతిపని మీద దొంగగా చెక్కినవాళ్లూ ఉన్నారు. సోతెన్ పేరు చెక్కినవన్నీ ఒకే చేతివి కావు. అందుకే పేరుకు డబ్బు పెట్టేకన్నా, సంతకం లేని మంచి చేతిపనికి పెట్టడమే మేలంటాను. జపాన్‌లో 1948లో ఏర్పడిన కత్తుల పరిరక్షణ సంఘం పరీక్షించి పత్రాలిస్తుంది. ఒక్కో పత్రం మీద ఆ వస్తువు ఫొటో ఉంటుంది. పత్రం చూపి అమ్మజూపితే, ఆ ఫొటోలోని ప్రతి పోటు దెబ్బనూ చేతిలోని బిళ్లతో పోల్చుకున్నాకే బేరం మొదలుపెట్టాలి.