శిస్తు సొమ్ము, పదకోశం: సాహిత్య పోషణలో ఎంపిక ఎవరిది?

కృతిని అంకితమందుకొన్న కృతిభర్తను తెలుగు సాహిత్య చరిత్ర దాతగా కీర్తించింది. ఆ సొమ్ము ఎక్కడిదన్న విచారణ మాత్రం అరుదు. శ్రీనాథుని 'హరవిలాసం' అందుకొన్న అవచి తిప్పయసెట్టి సుగంధద్రవ్యాల వర్తకుడు. పిఠాపురం సంస్థానానికి వచ్చేసరికి పోషణకు ఆధారం రైతు కట్టిన శిస్తు.

1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, జయంతి రామయ్య పంతులు నాయకత్వంలో, పిఠాపురం మహారాజా ధనసహాయంతో బృహన్నిఘంటువును చేపట్టింది. 1936లో తొలి సంపుటం వెలువడిన ఆ కృషికి పోషకుని పేరే స్థిరపడింది: 'శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు'. ప్రాచీన కావ్య పరిశోధకునికి అది నేటికీ అనివార్యం. అయితే అందులో ప్రమాణం కావ్యప్రయోగమే. గ్రాంథికవాదానికి ప్రధాన ప్రతినిధి జయంతి రామయ్య పంతులే. గిడుగు రామమూర్తి ఎంత వాదించినా వ్యావహారిక పదానికి అక్కడ చోటు దక్కలేదు. మహారాజా అలా ఆజ్ఞాపించాడనడం న్యాయం కాదు; సంఘసంస్కరణకు ఆయన అండగా నిలిచినవాడు. లోపం ఏర్పాటులో ఉంది. సంపద ఒకే చోట పోగుపడినప్పుడు, దానికి చేరువగా ఉన్న పండితవర్గపు అభిరుచే జాతి అభిరుచిగా చెల్లుబాటయింది. రైతు కట్టిన శిస్తు నిఘంటువుకు చేరింది గాని, అతని నోటిమాట చేరలేదు.

1948 ఎస్టేటుల రద్దు చట్టంతో జమీందారీ పోషణకు ఆధారం పోయింది. రైతు మాట కోశానికెక్కినది 1962లో. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 'మాండలిక వృత్తి పదకోశం' తొలి సంపుటంగా వ్యవసాయ పదాలను, 1971లో రెండవ సంపుటంగా చేనేత పదాలను ప్రచురించింది. అది ప్రజాధనం. ప్రజాధనం నిలకడైనదనీ చెప్పలేము. 1983లో ప్రభుత్వమే ఆ అకాడమీని రద్దు చేసింది.

నేడు 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికరలాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద వ్యయం చేయాలి. ఏడవ షెడ్యూలులో కళలు, సంస్కృతి ఉన్నాయి. కాని విద్య, వైద్యం, కళల మధ్య ఎంపిక బోర్డుదే; లాభాలు పోగుపడిన చోటే మళ్లీ ఎంపికా పోగుపడుతుంది. పాత కట్టడాన్ని బాగుచేస్తే దాత పేరిట ఫలకం నిలపవచ్చు. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టులో హమాలీల, చిల్లర వర్తకుల బేరసారాల పదజాలాన్ని సేకరిస్తే ఫలకానికి గోడ ఉండదు. గడువు మాట మరొకటి. కొనసాగే ప్రాజెక్టుకు నిబంధనలు ఇచ్చేది ప్రారంభ సంవత్సరం కాక మూడేళ్లు. పరిషత్తు స్థాపన నుండి సూర్యరాయాంధ్ర తొలి సంపుటం వరకే పాతికేళ్లు గడిచాయి.